తోక మీది ఏడంకె

బ్యాంకులో ముప్పై ఏళ్లు సంతకాలు పోల్చి చూసి రిటైరైన ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. బొమ్మ విమానం ముందు కూర్చునేముందు గది గడియ వేసి, ఒకసారి లాగి చూస్తాడు. చెయ్యి వణక్కుండా ముంజేతులు బల్లకు ఆనిస్తాడు. అంకెలు అచ్చేసిన స్టిక్కరును గిన్నెలోని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉల్లిపొరలా తేలిన అంకెను ఊపిరి బిగబట్టి రెక్క మీదికి జారుస్తాడు. ఆ రోజు సాయంత్రమే బొమ్మ విమానాల పోటీ. తోక మీద అంటించాల్సిన ఏడంకె గిన్నెలో లేదు. స్టిక్కరులో ఉన్న ఏడంకె అదొక్కటే. అంకె లేని విమానాన్ని పోటీకి తీసుకోరు. గడియ తీసి, అంతకుముందే కాఫీ ఇచ్చి వెళ్లిన బావమరిదిని కేకేశాడు.

“జేబులు దులుపు.”

“ఏడంకె నాకెందుకు బావా? నేనేమన్నా ఎగరాలా?”

“పోయినేడు బహుమతి కొట్టింది నీ స్నేహితుడే కదా!”

జేబుల్లోంచి రుమాలు, రెండు తాళంచెవులు రాలాయి. కేకలు విని వచ్చిన భార్య ఆయన ముంజేతిని దీపం కిందికి తిప్పింది. ఏడంకె అక్కడ ముడత లేకుండా అతుక్కుని ఉంది.

“ఇదిగో మీ దొంగ.”

ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు పరీక్షగా చూశాడు.

“ఇంత నున్నగా నాకెప్పుడు కుదిరింది? ఇది మీ తమ్ముడి పనే.”