నేను కల్పించని మాట

ఏడేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. బరువంటే తలమీది బుట్టలాంటిది కాదు, దింపుకోవడానికి. అన్నం తింటున్నప్పుడూ ఉంటుంది, నవ్వుతున్నప్పుడూ ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. తెలిసిన మనిషికి చెప్పాల్సింది తెలియనివాళ్ళకు చెప్పడం పిరికితనమే. అయినా చెబుతాను.

నేను చదివింది ఏడో తరగతి. అమలాపురం దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో ఆయాను. గదులు తుడుస్తాను, ల్యాబు మంచాల మీది దుప్పట్లు ఉతుకుతాను. దేవుడు నాకిచ్చింది జ్ఞాపకం ఒక్కటే. ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నారో, ఏ చీర కట్టుకుని అన్నారో, అన్నట్టే చెప్పగలను. మా వీధి పిల్లలు నా గుమ్మంలో చేరి కథ చెప్పమంటారు. కథలు చెబుతుందని నాకు పేరు. ఆ పేరు వెనకే దాక్కున్నాను.

మా పక్కింట్లో సువార్త ఉండేది. ఇది ఆమె అసలు పేరు కాదు. జాకెట్లు కుట్టేది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. ఆ పిల్లను జ్యోతి అందాం. సువార్త నన్ను వదినా అనేది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే చుట్టరికం.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు సువార్త నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది. తన జాకెట్లు నాలుగు మంచం మీద పరిచింది. నాలుగింటికీ ఎడమవైపు కుట్టు విప్పి వదులు చేసుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ నోటికి చెప్పే మనిషి, తన ఒంటి కొలత మారుతోందని నాకొక్కదానికే చెప్పింది. నా చెయ్యి పట్టుకుని రొమ్ము మీద పెట్టింది. గట్టిగా తగిలింది. ఎవరితోనూ అనకు, ప్రార్థనలో మాత్రం పెట్టు అంది.

మా ఆడవాళ్ళు శుక్రవారం ప్రార్థనకు కూడతారు. అక్కడొక పద్ధతి ఉంది. బయటికి చెప్పుకోలేని కష్టం ఉన్న మనిషి ఒక్కరి చెవిలో వేస్తుంది. ఆ ఒక్కరూ పేరెత్తకుండా, ‘ఒక సహోదరి కోసం’ అని పైకి ప్రార్థన చేస్తారు. ఎవరా సహోదరి అని ఎవరూ అడగకూడదు. చెవిలో పడ్డ మాట బయటపెట్టకూడదు. మంచి పద్ధతే. ఎందరి పరువో నిలబెట్టింది.

వారం వారం నేను ఒక సహోదరి అనారోగ్యం కోసం ప్రార్థన చేశాను. సువార్త నా పక్కనే కూర్చుని ఆమెన్ అనేది. మా ఎదురుగా ఊరి నర్సమ్మ కూర్చునేది. ఆమె కూడా ఆమెన్ అనేది. అర్థమైందా మీకు? ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను ఆసుపత్రికి పంపించే మనిషి, మాకు మూరెడు దూరంలో కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను ఒక్క పేరు పలికితే చాలు. పలకలేదు. పదకొండు నెలలు పలకలేదు.

మాట ఇచ్చాను కాబట్టే పలకలేదా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తాను. ఊరంతటిలో నాకొక్కదానికే తెలుసన్నది నాకు బాగుండేది. మిగతావాళ్ళు ఎవరా సహోదరి అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నాకు లోపల ఏదో గొప్పగా ఉండేది. సువార్త ఒళ్ళు కరిగిపోతుంటే నేను ఆ గొప్పను అనుభవించాను.

జ్యోతి అప్పుడు రాజమండ్రి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. వెళ్ళేముందు తల్లీకూతుళ్ళకు గొడవైంది. తల్లి నర్సింగ్ చదవమంది. పిల్ల టీచరునవుతానంది. మాటా మాటా పెరిగి, నీ బతుకు నువ్వు కుట్టుకో, నా బతుకు నన్ను కుట్టుకోనీ అనేసి ఆటో ఎక్కింది. గోడకు ఇవతల నేను విన్నాను.

పరీక్షలు అయ్యేదాకా సువార్త పిల్లకు తెలియనివ్వలేదు. తెలిశాక కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆలస్యమైపోయిందన్నారు. పోయే రెండు రోజుల ముందు, జ్యోతి మందులకు కిందికి వెళ్ళినప్పుడు, సువార్త నాతో అంది. “వదినా, ఆవేళ అది అన్న మాటకి నాకు కోపం రాలేదని చెప్పు. ఆటో మలుపు తిరిగేక నవ్వుకున్నానని చెప్పు. అచ్చం నాలాగే మాట్లాడింది. దానికి టీచరుద్యోగమే బాగుంటాదేమో. నేను చెప్దామంటే ఏడుపొచ్చేస్తంది, నువ్వు చెప్పు.”

నేను చెప్పలేదు.

చెబితే జ్యోతి తర్వాత అడిగేది ఒకటే. అమ్మ నీతో ఇన్ని చెప్పిందంటే, జబ్బు సంగతి నీకెప్పుడు తెలుసు అని. దానికి నా దగ్గర జవాబు ఉంది. పదకొండు నెలలు అన్నదే జవాబు. రేపు చెబుదాం, పోయి నెల తిరిగాక చెబుదాం అనుకుంటూ ఉండగానే జ్యోతి మా కాలేజీలోనే నర్సింగులో చేరింది. తన మాటకు మనసు విరగబట్టే అమ్మ జబ్బు దాచిందనీ, కనీసం ఆమె కోరిక తీరుస్తాననీ నాతోనే అంది. పళ్ళెంలో అన్నం పెడుతూ విన్నాను. చారు పోశాను.

జ్యోతి రెండో ఏడులో ఉండగా కాలేజీకి వీఆర్ ల్యాబు వచ్చింది. కళ్ళకు పెట్టె తగిలించుకుంటే పిల్లలకు ఒక ఇల్లు కనిపిస్తుంది, కొబ్బరిచెట్లూ కాలవగట్టూ కనిపిస్తాయి. మంచం మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. బొమ్మే, కానీ అడిగితే పలుకుతుంది. ఆమెకు జబ్బుంది, దాస్తోంది. మెల్లగా, మర్యాదగా, సరైనది అడిగితేనే బయటపెడుతుంది. అసలు రోగుల దగ్గరికి పంపేముందు పిల్లలకు అడగడం నేర్పడానికది. ఆ బొమ్మకు మన ఊరి గొంతు కావాలని ల్యాబు చూసుకునే మేడమ్ గారు నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ ప్రశ్న చదివితే, కాగితంలో ఉన్న సంగతిని నేను నా మాటల్లో చెప్పాలి, అది రికార్డు చేస్తారు.

ఇంట్లో ఎవరికైనా చెప్పారా అన్న ప్రశ్న వచ్చింది. కాగితంలో ‘ఎవరికీ చెప్పలేదు’ అని ఉంది. నా నోటినుంచి మాత్రం సువార్త మాటలు వచ్చాయి. “మా అమ్మాయి హాస్టల్లో ఉందండి. వెళ్ళేప్పుడు ఓ మాటంది. నాకు కోపమొచ్చిందనుకుంటంది. రాలేదండి. ఆటో మలుపు తిరిగేక నవ్వుకున్నాను. అచ్చం నాలాగే మాట్లాడింది.” మేడమ్ గారు కళ్ళు తుడుచుకుని, ఉంచేద్దాం, ఎంత బాగా కల్పించేరండీ అన్నారు. నేను కాదనలేదు. ఎందుకు చెప్పాను అక్కడ? పిల్ల వింటుందని తెలియదా? వినాలనే చెప్పానేమో. నా నోటితో చెప్పకుండా నా గొంతుతో చెప్పేస్తే సరిపోతుందనుకున్నానేమో.

విన్నది. నేను వెనక వరండాలో దుప్పట్లు ఆరేస్తుంటే వచ్చింది. మొహం మీద ఆ పెట్టె పట్టీ అచ్చు ఇంకా పోలేదు.

“అత్తా, ఆ పేషెంటు గొంతు నీదేనా?”

“ఆయ్, నాదేనమ్మా. మేడమ్ గారు చెప్పమన్నారు.”

“కూతురి సంగతి కూడా మేడమ్ గారే రాసిచ్చేరా?”

“లేదమ్మా. అది నేనే కల్పించేను. కథలు చెప్పే నోరు కదా.”

“అమ్మ నీతో అలా ఏమైనా అందా?”

దుప్పటి ఆ కొస పిల్ల పట్టుకుంది, ఈ కొస నేను పట్టుకున్నాను. నీళ్ళు పిండుతున్నాం.

“ఏమీ అనలేదమ్మా.”

“సరేలే అత్తా. బాగా కల్పించేవు” అని దుప్పటి తీగ మీద వేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జ్యోతి ఖాళీ దొరికితే ల్యాబుకు వెళ్ళేది. నీ పేషెంటుకింకా తగ్గలేదా అని స్నేహితురాళ్ళు ఆటపట్టించేవారు. ఒకరోజు నేను ల్యాబు తుడుస్తున్నాను. నేనున్నానని ఆమెకు తెలియదు, కళ్ళకు పెట్టె ఉంది. గాల్లోకి చూస్తూ మెల్లగా అడిగింది, “అమ్మా, నిజంగా కోపం రాలేదా?” అని. బొమ్మకు అర్థంకాని ప్రశ్న అడిగితే చెప్పడానికని నా చేత ఒక ముక్క చెప్పించి పెట్టారు. అదే వచ్చింది. “ఆ సంగతి నాకు తెలీదండి. ఇంకేదైనా అడగండి.” జ్యోతి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే. నా గొంతు. నా ఎదురుగానే ఆ పిల్లకు అబద్ధం చెబుతోంది. నేను నోరు తెరవకపోయినా చెబుతోంది. ఇప్పటికీ కుళాయి కట్టేసినప్పుడో, ఫ్యాను ఆగినప్పుడో ఆ నిశ్శబ్దంలో నాకది వినిపిస్తుంది.

జ్యోతి చదువు పూర్తిచేసి, కాకినాడలో ఉద్యోగం చేసి, ఈ ఏడు మా కాలేజీకే ట్యూటరుగా వచ్చింది. మా ఇంట్లోనే భోంచేస్తుంది. మొన్న ల్యాబు గుమ్మం దగ్గర నిలబడ్డాను. కొత్త పిల్లలకు ఆ పేషెంటును ఎలా పలకరించాలో చెబుతోంది. ఎంత చక్కగా చెబుతుందో. ఒక పిల్ల అడిగింది, మేడమ్, కూతురి గురించి చెప్పింది కూడా కేస్ షీటులో రాయాలా అని.

“అది రాయకండి. ఆ ముక్క కల్పితం” అంది జ్యోతి. గొంతు మారలేదు. నావైపు చూసి నవ్వింది కూడా.

ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను. జ్యోతికి ఇస్తానో లేదో తెలియదు. ఇస్తే అత్తా అని పిలుస్తుందో లేదో తెలియదు. పిలవకపోయినా తప్పు ఆమెది కాదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

అది రాయాల్సిందే అమ్మా. సువార్త అన్నదే అది. నాతోనే అంది. నీకు చెప్పమంది.