చెంబెడు నీళ్ళు, పావులీటరు పెట్రోలు

శాస్త్రీయ దృక్పథం గురించి ఆదోనిలో గంటసేపు ఉపన్యాసం దంచిన మనిషి, మర్నాడు పొద్దున్నే సొంత పెరటి మురుగు మోరీకి నిప్పంటించుకుంటే ఏమనాలి? ఏమైనా అనండి, ఆ మనిషిని నేనే.

ముందు చీర సంగతి చెప్పాలి. ఎమ్మిగనూరు పద్మక్క నా పాత స్నేహితురాలు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో నూలు కండెలు చుట్టేది ఆవిడ, మగ్గం మీద కూర్చునేది భర్త, నేతగాడన్న పేరు ఆయనది. ఆవిడ కండె చుట్టకపోతే ఆయన నేసేది గాలినే అని ఎన్ని వ్యాసాల్లో రాశానో నాకే గుర్తులేదు. ఈ ఏడాది పద్మక్క తానే మగ్గంలో కూర్చుని ఒక చీర నేసింది. సోమవారం ఎమ్మిగనూరు చేనేత ప్రదర్శనలో దాన్ని మొదటిసారి ఆవిడ పేరుతో పెట్టాలి. ముందు నువ్వు కట్టుకొని మీటింగులో నిలబడు, నలుగురి కంట్లో పడుతుంది అని శుక్రవారం నా చేతికిచ్చింది.

శనివారం మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. మూఢనమ్మకాలను చీల్చి చెండాడాను. చివర్లో అందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారు. ఉపన్యాసం ఇస్తూ తినాల్సిన వస్తువు కాదది. నేనింకా ఇస్తూనే ఉన్నాను. కొరికిన బజ్జీలోంచి నూనె కారి, చీర అంచు మీద తమలపాకంత మరక పడింది.

నీళ్ళతో రుద్దితే పోలేదు. పోదని హైస్కూల్లోనే చెప్పారు. నీటి అణువుకు ఒక కొస ప్లస్సు, ఒక కొస మైనస్సు. నూనెకు ఆ తేడా లేదు, కాబట్టి ఆ రెండింటికీ పొసగదు. నూనెను లాగాలంటే దాని జాతిదే కావాలి, అంటే పెట్రోలు. కులాంతర పెళ్ళిళ్ళ విషయంలో రసాయనశాస్త్రం మా ఊరి పెద్దమనుషులకన్నా మొండిది.

ఆదివారం పొద్దున మెకానిక్ దగ్గర పావులీటరు పెట్రోలు తెచ్చాను. పొయ్యికి దూరంగా, పెరట్లో, గిన్నెలో అంచు ముంచి పిండాను. ఎంత జాగ్రత్తో చూడండి. మరక మాయమైంది. చీరను తీగ మీద ఆరేసి, మిగిలిన పెట్రోలును స్టీలు బకెట్ నీళ్ళలో కలిపాను. కలిపాననే అనుకున్నాను. సగం మోరీలోకి వంపేసి, బకెట్ మోరీ అంచునే పెట్టాను. నీళ్ళు కలిశాక ఇంకేం అంటుకుంటుందని ధీమా.

ఆ మోరీ గోడ కిందుగా పక్కింటి మహబూబ్‌బీ పెరట్లోకి పోతుంది. ఆవిడ పెళ్ళిళ్ళకు బిర్యానీ వండుతుంది. ఆ పొద్దున మోరీ పక్కనే పెద్ద కట్టెల పొయ్యి రాజేసింది. పెట్రోలు నీళ్ళమీద తేలుతూ గోడ దాటింది, పొయ్యి సెగ తగిలింది, మంటై అదే దారిన తిరిగొచ్చింది. నేరుగా నా బకెట్‌లోకి.

నేను భయపడలేదు. కరోనా రోజుల్లో ఒలికిన శానిటైజరు అంటుకుంటే చెంబెడు నీళ్ళతో ఆర్పిన అనుభవం ఉంది కదా. చెంబెడు పోశాను. బకెట్ పొంగింది, మంట నీళ్ళమీద సవారీ చేస్తూ నేలకు దిగింది. మొదటిది చాలలేదేమోనని రెండో చెంబు కూడా పోశాను. ఇప్పుడు మంట పద్మక్క చీరకు మూరెడు దూరంలో ఉంది.

మహబూబ్‌బీ పక్క తలుపు తోసుకొని వచ్చింది. ఒక చేత్తో చీర లాగి నా మీదికి విసిరింది. రెండో చేతిలోని బిర్యానీ డేగ్ మూతను బకెట్ మీద బోర్లించింది. తర్వాత గోడ పక్కనున్న ఇసుక చేటతో ఎత్తి నేల మీద చల్లింది. అంతే, ఆరిపోయింది.

"నూనె బాండ్లి అంటుకుంటే నీళ్ళు పోస్తావా అక్కా?" అని అడిగింది.

"పొయ్యను."

"మరి ఇదేమన్నా మజ్జిగనా?"

తర్వాత మూత కడుక్కుంటూ ఓపిగ్గా చెప్పింది. శానిటైజరు స్పిరిట్టు, నీళ్ళలో కలిసిపోయి పలచబడి చస్తుందట. పెట్రోలు కలవదు, నీళ్ళ నెత్తినెక్కి కూర్చుంటుంది. ఎన్ని నీళ్ళు పోస్తే అంత దూరం ఊరేగుతుందట. ప్లస్సూ మైనస్సూ నాకు తెలుసు, మూత ఆవిడకు తెలుసు. ఆడవాళ్ళు వంటింట్లోంచి బయటికి రావాలని పాతికేళ్ళుగా రాస్తున్నాను. వచ్చేటప్పుడు మూత తెచ్చుకొమ్మని ఒక్కసారీ రాయలేదు.

సోమవారం ఎమ్మిగనూరు బస్సెక్కి, దారంతా పద్మక్కకు చెప్పాల్సిన మాటలు వల్లించుకున్నాను. ప్రదర్శన బల్ల దగ్గర అంతా ఒప్పేసుకున్నాను. ఆవిడ చీర విప్పి వాసన చూసింది. రెండు అంచులూ వేలితో కొసదాకా తడిమింది.

"చీరకేం కాలేదు, రెండంచులూ ఉండాయి" అని బల్ల మీద పరిచి, తన పేరు చీటీ దాని మీద పెట్టుకుంది. అప్పుడు నా మొహంలోకి చూసింది. "నీ ఎడమ కనుబొమ్మ యాడ పోయిందే?"

చేత్తో తడిమి చూసుకుంటే నిజంగానే లేదు. నిన్నటినుంచీ చీరనే చూస్తున్నానుగానీ అద్దం చూసుకోలేదు. బస్సులో అందరూ దారి పొడుగునా నా మొహమే చూస్తుంటే, శనివారం నాటి ఉపన్యాసం ఇక్కడిదాకా పాకిందని మురిసిపోయాను.