చిక్కమ్మ తక్కాళి

కార్తీకంలో కుందారపల్లికి వస్తే చిక్కమ్మ ఇల్లెక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. రోడ్డు మీద పోయే లారీ డ్రైవరుకు కూడా ఆ పెరడు కనిపించేది. వెదురు పుల్లలకు అరటినారతో కట్టిన మొక్కలు, వాటికి అరచేతి నిండా పట్టే ఎర్రటి తక్కాళి కాయలు. టమాటాను ఆ వైపు తక్కాళి అనే అంటారు. ఆ రోజుల్లో సంతలో దొరికే తక్కాళి గోలీకాయకు అన్న, నిమ్మకాయకు తమ్ముడు. పులుపు తప్ప ఇంకో రుచి దానికి తెలియదు. చిక్కమ్మ కాయ కోస్తే లోపల కండ ఉండేది, పులుపు వెనకాలే తీపి వచ్చేది.

ఇల్లు చూస్తే పూరిల్లు. మొగుడు గుర్రప్ప రాళ్ళు కొట్టే కూలీ. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని గిట్టనివాళ్ళు అనేవారు. అననివ్వండి. ఊళ్ళో ఎవరికీ లేనిది తన దగ్గర ఉందని తెలిసిన మనిషి నడక వేరు. ఆ నడక చిక్కమ్మది.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు గుర్రప్ప బెంగళూరులో ఒక దొర బంగళాకు గోడ కట్టడానికి పోయి, తోటమాలి ఇచ్చిన ఒక పండును తువ్వాలులో చుట్టుకొచ్చాడు. ఇంటికి చేరేసరికి అది సగం చితికింది. మంచి సగాన్ని మొగుడూ పెళ్ళామూ తిన్నారు. చితికిన సగంలోంచే వంశం మొదలైంది. మొదట్లో ఊళ్ళో పెద్దవాళ్ళు లోపలి ఎర్రటి కండ చూసి మాంసంలా ఉందని ముట్టుకోలేదు. చిక్కమ్మ వాళ్ళను పెరట్లో నిలబెట్టి, ముక్క కోసి, కొంగుముడిలోంచి కల్లుప్పు తీసి అద్ది చేతికిచ్చేది. తిన్నవాడు రెండో ముక్క అడిగేదాకా కదిలేది కాదు.

ముక్క పెట్టేది గానీ, విత్తనం ఇచ్చేది కాదు. ఆ ముక్కలో కూడా గింజలు ముందే గీరేసి ఉండేవి. ఏటా మొదటి కాపులో పెద్ద కాయకు ఎర్రదారం కట్టేది, అంటే దాన్ని ఎవరూ కోయకూడదని. అది చెట్టు మీదే మగ్గాక గింజలు తీసి, కడిగి, బూడిదలో దొర్లించి, పచ్చి పేడముద్దలో అదిమి, పొయ్యి పక్క గోడకు పిడకలా కొట్టేది. ఆ పొగకు పురుగు రాదు. మళ్ళీ శ్రావణంలో పిడక విరిచి నారు పోసేది. పక్కింటి తిమ్మక్క విత్తనం అడిగీ అడిగీ అలిసిపోయింది.

ఒక్కసారి మాత్రం చిక్కమ్మకు తప్పలేదు. తిమ్మక్క కూతురు వెంకటమ్మ కడుపుతో పుట్టింటికి వచ్చి, కాయను ముక్కలు చేయకుండా కొరికి తినాలనుందని అడిగింది. కడుపుతో ఉన్న మనిషి కోరిక కాదంటే ఆ పాపం ఊరికే పోదు. చిక్కమ్మ కాయ ఇచ్చింది, ఇచ్చి ఎదురుగానే కూర్చుంది. వెంకటమ్మ ఒక్క గింజ మిగలకుండా మింగేదాకా దాని నోరే చూసింది. రసం మోచేతి దాకా కారింది. తిమ్మక్క కూతురి మూతి తుడిచి లోపలికి తీసుకుపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు చిక్కమ్మ కొడుకు రాజప్పకు పెళ్ళయింది. కోడలు అంగాళమ్మది పోచంపల్లి, చీరల పోచంపల్లి కాదు, ఆ చుట్టుపక్కల ఊరే. నెమ్మదైన పిల్ల, పనిమంతురాలు. ఆ ఆషాఢంలో ముసురు పట్టి కట్టెలన్నీ నానిపోయాయి. పొయ్యి రాజుకోక కోడలి కళ్ళు మండుతున్నాయి. చూస్తే గోడకు ఎండిన పిడక! లాగింది, పొయ్యిలో పెట్టింది. చిక్కమ్మ పొలం నుంచి వచ్చేసరికి గోడ మీద గుండ్రటి మచ్చ ఒక్కటే మిగిలింది.

"నా విత్తనాల పిడకేదే?" అంది.

"రాగిసంకటికి మంట చాలలేదత్తా, పెట్టేసినాను. మా ఊర్లో విత్తనాలు బూడిదలో కలిపి కుండలో పెడతారు. పిడకలో ఉంటాయని నాకు తెలీలేదత్తా," అని అంగాళమ్మ ఏడ్చేసింది.

చిక్కమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొయ్యి ముందు కూర్చుని బూడిదను పుల్లతో కెలికింది. ఇన్నేళ్ళు ఎవరికీ ఇవ్వకుండా దాచి, చివరికి పొయ్యికి ఇచ్చానా అనుకుంది. శ్రావణం వచ్చింది, నారు లేదు. కార్తీకంలో ఆ పెరట్లో గోంగూర తప్ప ఏమీ లేదు. చిక్కమ్మ రోడ్డు వైపు రావడమే మానేసింది.

అప్పుడు వచ్చింది తిమ్మక్క, కొంగు కింద ఏదో దాచుకుని. తీసి చేతిలో పెట్టింది. అరచేతి నిండా ఎర్రటి కాయ.

"యాడిదక్కా ఇది?"

"నీదేనమ్మా. ఆ పొద్దు వెంకటమ్మ మూతి కొంగుతో తుడిచినాను చూడు. నువ్వు దాని నోరు చూస్తా ఉంటివే గాని నా కొంగు చూడలేదు. అంటుకున్న గింజలు గడ్డివామి ఎనక ఏసినాను. ఇన్నేళ్ళూ దొంగగానే తింటిమి. ఎంత కావాలంటే అంత తిట్టు, కాయ మాత్రం తీసుకో."

తేలు కుట్టిన దొంగలా ఇన్నేళ్ళు నోరు మూసుకున్న మనిషి, ఈరోజు తనంతట తానే బయటపడింది. చిక్కమ్మకు ముందు ఒళ్ళు మండింది. కాయ తిప్పి చూసింది. కొరికింది. పులుపు, వెనకాలే తీపి. కళ్ళ నీళ్ళు ఆగలేదు. తను కాపాడుకున్నది బూడిదైంది, తిమ్మక్క ఎత్తుకుపోయింది బతికింది. అది అర్థమయ్యాక ఇంక కోపం ఎవరి మీద?

"నీ దొంగ చెయ్యి చల్లగుండ!" అని తిమ్మక్కను కావలించుకుంది.

ఆ ఏడు గడ్డివామి వెనక పండిన కాయల గింజలతో అడిగిన ప్రతి ఇంటికీ చిక్కమ్మే పోయి, పొయ్యి పక్క గోడకు పిడక కొట్టి వచ్చింది. వెళ్ళిన చోటల్లా ఇది కాల్చేది కాదు అని గట్టిగా చెప్పింది. ఒక పిడక మాత్రం కోడలి చేతిలో పెట్టింది.

"మీ పోచంపల్లికి తీసుకపో."

"నేనా అత్తా?"

"కాల్చిన చెయ్యే నాటాల."

కొన్నేళ్ళకు మనవడి చెవులు కుట్టించడానికి అత్తా కోడలూ పోచంపల్లి వెళ్ళి, సంతరోజు కావడంతో ఒక తిప్పు తిరిగారు. ఒకచోట గోనెసంచి మీద ఎర్రగా కుప్ప పోసి ఉంది. చిక్కమ్మ కాళ్ళు అక్కడే ఆగాయి. అమ్మే పిల్ల ముక్క కోసి అందించింది.

"తినిచూడవ్వా. చిక్కమ్మ తక్కాళి. కుందారపల్లిలో ఎవురో మారాణి పండించిందంట."

అంగాళమ్మ ఆగలేక నోరు తెరిచింది. చిక్కమ్మ ఆమె చెయ్యి గిల్లి, కొంగుముడి విప్పి, ఉప్పురాయి అద్దుకుని నిదానంగా నమిలింది. గుండె నిండిపోయింది గానీ మొహం మాత్రం బిగించుకుంది.

"బాగుందా అవ్వా?"

"బాగుండాది," అంది చిక్కమ్మ. "మా పెరట్లోది ఇంకా బాగుంటాది."