ఓపల్ వేసిన కంచె

మొండితనానికో హద్దుంటుందనేవాళ్ళు ఓపల్ స్టిగాల్‌ని చూసి ఉండరు. అమెరికాలోని కెంటకీలో, లికింగ్ నది పక్కన సున్నపురాతి గుట్ట మీద పుట్టి, సొంత తమ్ముడు థర్మన్‌తో తల నెరిసేదాకా మాటాపలుకూ లేకుండా బతికిన మనిషి.

దేనికయ్యా అంటే, ఓ పువ్వుకి. గోల్డెన్‌రాడ్‌లో అదో అరుదైన రకం. మోకాలెత్తు కాడ, సన్నటి ఆకులు, సెప్టెంబరుకల్లా కొసన ఒకే వైపుకి విరగబూసే పసుప్పచ్చటి పూలు. రాతి మీద చారెడు మట్టి, మాడ్చే ఎండ ఉంటే చాలు దానికి. తల్లి పోతూ పోతూ ఓపల్ చెయ్యి పట్టుకుని, "ఈ పువ్వు మన గుట్ట మీద లేకుండా పోనీకే. ఏటా నా సమాధి మీద ఓ గుత్తి పెట్టు" అంది.

పంపకాల్లో పూలున్న సగం ఓపల్‌కి వచ్చింది. తమ్ముడి ఆవులు అందులో తిరుగుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమంది. ముళ్ళకంచె వేయించింది.

"అక్కా, మతి పోయిందా నీకు? ఒకప్పుడు అడవిదున్నల మందలు తొక్కిన నేల ఇది. ఆ తొక్కుడులోనే బతికిన మొక్క అది!" అన్నాడు థర్మన్.

"చాల్లే సంబడం! నీ ఆవులకి ఊరికే మేత కావాలి. ఇంకోసారి నా గడప తొక్కకు."

తొక్కలేదు.

తర్వాత గడ్డి నడుమెత్తు పెరిగింది. సీడరు చెట్లు లేచాయి. పూలకి నీడ దొరికిందని ఈ మహాతల్లి మురిసిపోయింది కూడా! ఏడాదికేడాది పూలు పలచబడ్డాయి. థర్మన్ చనిపోయిన ఏడు ఒక్కటీ పూయలేదు. తల్లి సమాధి మీద ప్లాస్టిక్ పూలు పెట్టి, సిగ్గుతో చచ్చిపోయింది.

తిరిగొస్తూ కంచె అవతలికి చూసింది. తమ్ముడి వైపు, ఆవులు నడిచిన బాట పొడుగునా, గిట్టల గుంటల పక్కనే పసుప్పచ్చగా పూసి ఉన్నాయి.

ఓపల్ పట్టకారు తెచ్చి తీగంతా తెంపింది. చేతులు చీరుకుపోయినా ఆగలేదు. ఆ చేతులతోనే తమ్ముడి ఇంటికి వెళ్ళి, "లొరీన్, నీ ఆవుల్ని నా వైపు తోలవే" అంది.

మరదలు లొరీన్ గుమ్మం దిగలేదు.

"మొన్ననే అమ్మేశాను వదినా. ఆఖరుదాకా నీ తమ్ముడు రోజూ వాటిని ఆ కంచె దగ్గరే నిలబెట్టేవాడు, అక్క ఎప్పటికైనా తీస్తుందని."