కర్నూలు నుంచి వచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తితే లేచి బయటికి పోయేవాణ్ణి. ఇప్పుడూ నమ్మననే అంటాను. కానీ ఆ రోజు సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

రెండువేల ఐదారు నాటి మాట. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. రక్తపరీక్షల రిపోర్టులు కర్నూలు ల్యాబు నుంచి ఫోను లైను మీద మా లినక్స్ కంప్యూటరుకు వచ్చేవి. పది నిమిషాలు ఖాళీగా ఉంటే లైను తెగేది. రిపోర్టులు అందుకునే ప్రోగ్రాముకు ఆ సంగతే తెలిసేది కాదు, బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. దాన్ని రాసినాయన ఎక్కడున్నాడో తెలియదు, అందులో అక్షరం మార్చే వీల్లేదు. అందుకే కౌంటర్లో రమణమ్మ గంటకోసారి కర్నూలుకు ఫోన్ చేసి కనుక్కునేది. ల్యాబు ఫోనుకు ఎస్టీడీ లేదు, వాళ్లు మాకు చేయలేరు.

నేనేదో మొనగాణ్ణనుకున్నాను. ప్రోగ్రాము జోలికి పోకుండా, దానికంటే ముందు లోడయ్యే చిన్న కోడు ముక్క, లైబ్రరీ అంటారు, అది రాశాను. అది ప్రోగ్రాము తెరిచే ప్రతి కనెక్షన్‌కూ కీప్ అలైవ్ తగిలిస్తుంది. అంటే నిమిషానికోసారి మా మిషను "ఉన్నావా?" అంటుంది, అవతలి మిషను "ఉన్నా" అనాలి. అనకపోతే తెర మీద ఎర్రగా వస్తుంది. ఎర్రగా వస్తేనే ఫోన్ చెయ్యమన్నాను రమణమ్మతో.

"నీకు పుణ్యముంటాది నాయనా, అరిచీ అరిచీ గొంతు పోతాండాది" అంది.

మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత మా అక్కను జ్వరంతో అక్కడే చేర్చాం. రక్తం కర్నూలుకు పోయింది. రిపోర్టు వస్తే గానీ ఏ మందివ్వాలో చెప్పలేనన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున్నుంచీ తెర ముందే కూర్చున్నాను. ప్రతి నిమిషం ప్రశ్న పోతోంది, జవాబు వస్తోంది. కళ్లారా చూశాను. రిపోర్టు మాత్రం లేదు. బావ పదిసార్లు వచ్చాడు.

"ఏమప్పా, యాడుండాది రిపోర్టు?"

"లైను బాగుండాది బావా, వస్తాది."

మూడింటికి అక్కకు మాట పడిపోయింది. అప్పుడు ల్యాబుకు ఫోన్ చేశాను.

"పొద్దున ఎనిమిదికే మా కంప్యూటర్ కాలిపోయిందప్పా! వైర్లన్నీ పీకి పక్కన పెట్టినాం. మీ రిపోర్టు తొమ్మిదికే రెడీ. మీరు ఫోన్ చేస్తారని చూస్తాండాం" అన్నాడు ల్యాబాయన.

ఆయన మాట్లాడుతుండగానే తెర మీద ఇంకో జవాబు వచ్చింది.

మందు సాయంత్రం ఇచ్చారు. ఆలస్యమైపోయింది. అక్క దక్కలేదు.

మధ్యలో ఇంకేదైనా మిషను జవాబిచ్చిందేమోనని లైనంతా వెతికాను. అలాంటిదేమీ లేదు. ఆ రోజు రికార్డు ప్రింటు తీసి తెలిసినవాళ్లకు చూపించాను. తిప్పి తిప్పి చూసి ఇచ్చేశారు. ఆ జవాబులెవరిచ్చారో నాకీరోజుకీ తెలియదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక బావ నా పక్కన కూర్చున్నాడు. కోపంగా కూడా అనలేదు.

"ఆ ఫోనేదో పొద్దున్నే చేసింటే మీ అక్క బతికేది కదప్పా."