బావ బరాత్‌లో నా మొదటి ప్యాచ్

ఆ రోజుల్లో, అంటే ఇంజనీరింగ్ పాసై ఉద్యోగం రాని రోజుల్లో, ప్రపంచంలో శుభ్రం చేయాల్సింది చాలా ఉందని నాకు గట్టిగా అనిపించేది. నా గది మాత్రం ఆ లెక్కలోకి వచ్చేది కాదు. జనగామలో ఇంట్లో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఎందరో కలిసి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో చెయ్యి పెట్టాను. నాకు దొరికింది లాప్‌టాప్ హాట్‌కీల డ్రైవర్. సౌండు పెంచే, తగ్గించే, ఆపే మీటలు నొక్కితే ఆ కబురును సిస్టమ్‌కు చేరవేసే చిన్న ప్రోగ్రాం అది. ఏళ్ల తరబడి ఎవరికి తోచింది వారు చేర్చడంతో అటక మీది సామానులా తయారైంది. చొక్కా చేతులు మడిచి దిగాను. పాత మోడల్ ఒకదాని కోసం రాసిన లైను కంటపడింది. ఫలానా దారిన మీట కబురు వస్తే పట్టించుకోకుండా పారేయమంటోంది. వచ్చిన కబురును పారేయడమేమిటి, ఎవరో బద్ధకస్తుడి పని అనుకుని తీసేశాను. నా లాప్‌టాప్ మీద నొక్కి చూస్తే అంతా బాగుంది. (నాది ఆ మోడల్ కాదని నాకు తెలుసు. తెలిసినవన్నీ సమయానికి గుర్తుకు రావాలని రూలేమీ లేదు కదా.) ఆ డ్రైవర్ బాగోగులు చూసే విదేశీ పెద్దాయన "శుభ్రంగా ఉంది" అని ఒక్క ముక్క రాసి నా మార్పును, వాళ్ల భాషలో ప్యాచ్‌ను, చేర్చుకున్నాడు. ఆ ముక్కను ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. "అయితె నౌకరి వచ్చినట్టేనా?" అంది అమ్మ.

అంత పాత మోడల్ ఇంకా ఎవరి దగ్గరుంటుందిలే అనుకున్నాను. మా అక్క భర్త దగ్గర ఉంది. బావ నర్మెట్ట చుట్టుపక్కల పెళ్లిళ్లకు ట్రాలీ ఆటో మీద డీజే పెట్టేవాడు. మిక్సర్ పాడైపోవడంతో పాట పెట్టడం, ఆపడం అన్నీ ఆ లాప్‌టాప్ మీదే. కొత్త డ్రైవర్‌ను నేనే స్వయంగా అందులో ఎక్కించాను. మర్నాడు పెళ్లికి వెంట కూడా వెళ్లాను, నా పనితనం కళ్లారా చూసుకుందామని. "బామ్మర్దీ, ఒక్కసారి కొడితె సౌండు రెండు మెట్లు ఎక్కుతుంది రా! మంచిగ జేసినవ్" అన్నాడు బావ. వినయంగా తల వంచుకున్నాను. అనుమానించాల్సిన చోట వినయపడటం నాకు ఆనాటి నుంచే అలవాటు.

భోజనాలయ్యాక పెళ్లికూతుర్ని సాగనంపే బరాత్ బయల్దేరింది. ఆ ఊరు బావకు కొత్త. పిల్ల మేనమామ ముందే హెచ్చరించాడు: "గా మూల మీది ఇంట్ల ముసలాయన పోయిండు. దినాలు గూడ కాలే. ఇల్లు దాటేదాక సప్పుడు ఉండొద్దు. వినవడ్డదా, మళ్ల ఈ ఊర్ల నీ బండి అడుగువెట్టది."

"గా మాత్రం ఎర్కలేదానె మామా" అన్నాడు బావ ధీమాగా.

మూల దగ్గర పడగానే సౌండు ఆపే మీట నొక్కాడు. పాట ఒక్క ఎక్కిలి ఎక్కి, మళ్లీ అందుకుంది. ఇంకోసారి నొక్కాడు. ఇంకో ఎక్కిలి. "అరేయ్, గిదేంది రా, ఆగుతలేదు!" "ఇంకోసారి కొట్టు బావా." కొట్టాడు. ముందు ఆడుతున్న పిల్లలు అదేదో కొత్త దరువనుకుని మరింత ఉత్సాహంగా ఎగిరారు. తెర మీద ఆపుదామంటే ఆటో కుదుపులకు బాణం గుర్తు నిలవడం లేదు. అప్పుడు వెలిగింది నాకు. ఆ మోడల్‌లో మీట ఒక్కసారి నొక్కితే కబురు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది సౌండు ఆపుతుంది, రెండోది తిరిగి తెరుస్తుంది. ఆ రెండోదాన్ని పారేయడానికే పెట్టిన లైను నేను తీసేశాను. "సమజైంది బావా!" అని అరిచాను. "సమజైతె ఆపు!" అని బావ అంతకంటే గట్టిగా అరిచి, స్పీకర్ల వైరు పట్టి పీకేశాడు. సరిగ్గా ఆ ఇంటి గడప ముందు.

నిశ్శబ్దం. గడపలో ఒక అవ్వ నిలబడి ఉంది, పోయినాయన భార్య. బావ దిగి చేతులు జోడించాడు. అవతల మేనమామ జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. నేనూ దిగి, "అవ్వా, తప్పు మా బావది కాదు, నాది" అన్నాను.

"నువ్వేం జేసినవ్ బిడ్డా?"

హాట్‌కీల నిర్వహణ గురించి నేనిచ్చిన మొదటి ప్రసంగం అదే. అవ్వ ఓపికగా విన్నది. "అంటె ఇద్దరు ఒక్కటే మాట చెప్తుండ్రి. రెండోడు నోరు తెరిస్తె పని చెడ్తదని ఒకడు వాని నోరు మూసి కూసున్నడు. నువ్వు పోయి వాన్ని లేపినవ్."

"అవునవ్వా."

"ఎందుకు మూసినవ్ రా అని అడగకపోతివా?"

"అడగలే."

అవ్వ మేనమామ వైపు తిరిగింది. "ఆ పిలగాన్ల ఏమనకు. ఇంట్ల మనిషి పోయిన సంగతి యంత్రానికేం ఎర్క? పోండ్రి, పిల్లకు పొద్దువోతుంది. మూల తిరిగినంక పెట్టుకోండ్రి."

మేనమామ తానే ముందు నడిచి బండిని మూల తిప్పించాడు. తన రెండో మేనకోడలి పెళ్లికీ బావనే పిలిచాడు.

మర్నాడు ఆ లైను మళ్లీ పెట్టి, ఎందుకుండాలో అరపేజీ రాశాను. చదివితే నాకే అర్థం కాలేదు. కొట్టేసి, అవ్వ మాటలనే చేతనైన ఇంగ్లీషులో పెట్టాను. పెద్దాయన "ఇంత స్పష్టమైన వివరణ ఈ మధ్య చూడలేదు" అని రాశాడు. ఆ వివరణ కింద తప్పు పట్టిచ్చినవారి పేరు రాయడం అక్కడి మర్యాద. అవ్వ పేరు నేను అడగలేదు. బావకూ తెలియదు. మళ్లీ ఆ ఊరు వెళ్లి కనుక్కుందామనుకున్నాను, ఉద్యోగం వచ్చింది, వెళ్లలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ వివరణ ఉన్న పేజీ తెరిచి చూస్తుంటాను. తప్పు చేసినవాడిగా నా పేరు, పట్టిచ్చినవాడిగానూ నా పేరే. చూసినవాళ్లు ఎంత నిజాయితీపరుడో అనుకుంటారు. ఆనాటి ఆ కుర్రవాడికి అవ్వ పేరు అడగడం తోచలేదంతే.