ద్రీకా మరిచిపోయిన మాట

ద్రీకా పదిహేనేళ్లప్పుడు దక్షిణాఫ్రికాలో ఆరెంజ్ నది ఒడ్డున ద్రాక్షతోట దొరల వంటింట్లో పనికి కుదిరింది. ఆమె అమ్మభాషలో నాలుకతో టక్కుమనిపించే శబ్దాలెక్కువ. మొదటిరోజే దొరసాని హెచ్చరించింది. "నా ఇంట్లో ఆ టకటకలు వినపడకూడదు. ఏంటా కోతి భాష?"

అక్కడున్న నలభై ఏళ్లూ, మానేశాక కూడా, ద్రీకా దొరల భాష ఆఫ్రికాన్స్ తప్ప మరో భాష మాట్లాడలేదు. కూతురు ఫైకీ నాలుగేళ్లప్పుడు అమ్మమ్మను చూసి, గాడిదను అదిలించినట్టు నాలుకను అంగిలికి కొట్టి ఏదో అంటే చెంప ఛెళ్లుమనిపించింది. తను పోయాక ఆ వంటింటి పని కూతురికి దక్కాలని ద్రీకా తాపత్రయం.

ద్రీకా తల్లి పోయింది. ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి ద్రీకా, ఎడారి అంచున గొర్రెలు కాసే అన్న ఆబ్రాం, ఇద్దరే మిగిలారు.

డెబ్బై ఎనిమిదో ఏట ఆబ్రాంకు పక్షవాతం వచ్చింది. ద్రీకా ఆసుపత్రికి వెళ్లేసరికి నర్సు గుమ్మంలోనే ఎదురైంది.

"మతి పోయింది అవ్వా. పొద్దుట్నించీ నోటితో ఏదో శబ్దం, అదే పనిగా."

ద్రీకా చెవి ఒగ్గింది. నాలుక టక్కుమంది, వెనకే గొంతులో గరగర.

"మతి పోలేదు తల్లీ. నీళ్లడుగుతున్నాడు."

నర్సు మొహం పాలిపోయింది. చెంచాతో నీళ్లు పట్టారు. గొంతు తడిశాక ఆబ్రాం గలగలా మాట్లాడాడు. అమ్మ గురించి, ఇసుకలో దొరికే పుచ్చకాయల గురించి. ద్రీకాకు ప్రతి మాటా అర్థమైంది. ఆఖరున ఆమె వైపు తిరిగి, "నువ్వెవరు?" అని ఆ భాషలోనే అడిగాడు.

జవాబు చెబుదామని నోరు తెరిచింది. నాలుక లేవలేదు. 'క' అన్న పొడి శబ్దం వచ్చిందంతే.

"నేనే అన్నా, ద్రీకాను," అంది ఆఫ్రికాన్స్‌లో. పక్షవాతంతోనే ఆఫ్రికాన్స్ అతన్ని వదిలేసింది. పరాయిదాన్ని చూసినట్టు చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడోరోజు పోయాడు.

పూడ్చిపెట్టి వచ్చాక ఫైకీ అడిగింది. "నీళ్లను ఏమన్నాడమ్మా మామయ్య? ఒక్కసారి చెప్పవే."

"నీ నోట్లోంచి కొట్టి పోగొట్టాను గదే. ఇప్పుడెందుకు?"

"కొట్టినందుకు కాదమ్మా నా బాధ. నువ్వు ఆ వంటింట్లోంచి వచ్చేసి ఇరవై ఏళ్లయింది. ఆ తర్వాతైనా ఎందుకు నేర్పలేదు?"

ద్రీకా మాసిన బట్టల మూట తీసుకుని పెరట్లోకి నడిచింది.

ఇప్పుడు రోజూ బట్టలు ఉతుకుతూ నాలుకను అంగిలికి కొట్టి చూసుకుంటుంది. ఒక్కోనాడు టక్కుమంటుంది. సరిగ్గా పలికిందో లేదో చెప్పేవాళ్లెవరూ లేరు.